రెండుసార్లు వెలిగితే బాగున్నట్టు

మా వీధిలో మా మామయ్యని అడగకుండా ఎవరూ బల్బు కూడా మార్చేవారు కాదు. కాస్త పెంచి చెబుతున్నానని మీకు అనిపించవచ్చు. పెంచి చెప్పడం నాకు సరదాయే, కాదనను. కానీ ఈ విషయంలో ఆ అవసరం రాలేదు. మామయ్య ఊళ్ళో లేడని మా ఎదురింటావిడ ఒకసారి నాలుగు రోజులు చీకట్లోనే వంట చేసుకుంది. పోనీ, మూడు రోజులు.

మామయ్య అంటే మా అమ్మ తమ్ముడు. సినిమా హాల్లో ముప్పై రెండేళ్ళు ఆపరేటరుగా పనిచేశాడు. నేను ఎలక్ట్రానిక్స్ డిప్లొమా రెండో ఏడాదిలో బయటికి వచ్చేశాను. కాలేజీ వాళ్ళే పంపించేశారని గిట్టనివాళ్ళు అంటారు. అసలు సంగతేమిటంటే, నాకు చెప్పడానికి వాళ్ళ దగ్గర ఇంకేమీ మిగల్లేదు. మిగతా చదువంతా మామయ్య ముందుగదిలో, ఆయన పడక్కుర్చీ పక్కన స్టూలు మీద పూర్తి చేశాను. ఇప్పుడు నాకు ముప్పై నాలుగేళ్ళు. ఫోన్లకి కవర్లు వేసి, తెరలకి గాజు రేకులు అంటించే కొట్టు నడుపుతున్నాను. గాలిబుడగ లేకుండా రేకు అంటించడంలో నన్ను మించినవాడు ఎవడైనా ఉంటే వచ్చి కనబడమనండి.

సాయంత్రం నాలుగు దాటితే మామయ్య గుమ్మం ముందు చెప్పులు పెరిగేవి. ఒకరు ఫోను కొనాలి, ఒకరికి టీవీ, ఇంకొకరికి పొద్దుపోవడం లేదు. మామయ్య అందరికీ కుండబద్దలు కొట్టినట్టు చెప్పేవాడు.

"టీవీ గోడకి ఎంత ఎత్తున పెట్టించమంటారు అన్నయ్యగారూ?" అని అడిగింది వీధి చివర బట్టలు కుట్టే పిన్ని.

"సినిమాహాల్లో ఎప్పుడైనా మొదటి వరుసలో కూర్చున్నావా అమ్మా?"

"ఒకసారి కూర్చున్నా. రెండు రోజులు మెడ పట్టేసింది."

"మరి ఆ మొదటి వరుసని ఇంటికి తెచ్చుకుంటానంటావేం? నువ్వు కుర్చీలో కూర్చుంటే నీ కళ్ళు సూటిగా తెర మధ్యకి రావాలి. అలంకారం కోసం పైన పెట్టాలంటే అక్కడ క్యాలెండరు పెట్టుకో."

లెక్కల మేష్టారు రిటైరయ్యాక గిటారు కొంటానని వచ్చారు. మామయ్య ఆయన్ని కొట్టుకి వెళ్ళనివ్వలేదు. "మేష్టారూ, సరదా పనికి ముందు సామాను కొనకండి. ఎవరిదైనా అరువు తెచ్చుకోండి. ఆరు వారాలు వాయించండి. ఏడో వారం కూడా చేతులు దురదపెడితే అప్పుడు కొనుక్కోండి" అన్నాడు. మేష్టారు మూడో వారంలో గిటారు తిరిగి ఇచ్చేశారు. ఆ తర్వాత చదరంగం బల్ల అరువు తెచ్చుకున్నారు, అది ఇప్పటికీ ఇవ్వలేదు. మా వీధిలో సగం మందికి ఇలా ఆరు వారాల లెక్క మీదే ఏదో ఒక సరదా అబ్బింది.

ఫోను కొనేవాళ్ళకి ఒకటే మాట: కెమెరా చూసి మోసపోకు, ఎండలోకి తీసుకెళ్ళి అక్షరం చదువు. సినిమా సంగతి అడిగితే, "ఇద్దరు తిట్టి ఒకడు మెచ్చుకున్నదానికి వెళ్ళు. అందరూ మెచ్చుకున్నదానికి నిద్రొస్తుంది" అనేవాడు. ఈ మాట మీద ఆధారపడి నేను చూసిన సినిమాల్లో సగం భరించలేకపోయాను. మిగతా సగం మాత్రం మర్చిపోలేకపోయాను.

ఇన్ని మాటలకీ వెనక ఉన్నది ఒక్కటే, మామయ్య కన్ను. పేర్లు పడుతుండగానే ఫోకస్ చూసుకోవాలనేవాడు. అక్షరం అంచు బ్లేడులా ఉండాలి. బ్లేడులా లేకపోతే హాల్లో ఐదువందల మందికి తలనొప్పి వస్తుంది, అది ఎందుకొచ్చిందో వాళ్ళకి తెలియదు, సినిమా బాగాలేదనుకుని వెళ్ళిపోతారు. "ఆ కథ రాసినవాడి కష్టం నా బొటనవేలి కింద ఉంటుందిరా అల్లుడూ" అనేవాడు.

అయితే ఆయన కంటికీ ఒక ఇబ్బంది ఉండేది. క్యాబిన్ కిటికీకి మందపాటి అద్దం. దాంట్లోంచి చూస్తే తెర మీది సన్నని మసక కనబడదు. అందుకని హాల్లోంచి ఎవరో ఒకరు చెప్పాలి. అరిస్తే జనం తిడతారు. ఆ రోజుల్లో ఆడవాళ్ళ తరగతిలో టార్చి పట్టుకుని సీట్లు చూపించే అమ్మాయి ఒకామె ఉండేది. ఆమె, మామయ్య కలిసి ఒక భాష కల్పించుకున్నారు. టార్చి క్యాబిన్ వైపు ఒకసారి వెలిగితే బొమ్మ మసకగా ఉన్నట్టు. రెండుసార్లు వెలిగితే బాగున్నట్టు. మూడుసార్లయితే శబ్దం పెంచాలి. మామయ్య తన కంటికి బాగానే ఉన్నా సరే, టార్చి ఒకసారి వెలిగితే మాట్లాడకుండా ఫోకస్ తిప్పేవాడు. హాల్లో కూర్చున్నవాళ్ళ కన్నే అసలు కన్ను, క్యాబిన్‌లో ఉన్నవాడు చెయ్యి మాత్రమే. అది ఆయన పెట్టుకున్న నియమం.

ఒక మధ్యాహ్నం ఆటలో క్యాబిన్‌లోంచే కిందికి టార్చి నాలుగుసార్లు వెలిగింది. నాలుగుకి అర్థం లేదు. అదేమిటో అడగడానికి ఆ అమ్మాయి మెట్లెక్కి వెళ్ళింది. ఆమే మా అత్తయ్య.

ఆ హాలు ఇప్పుడు సోఫాలమ్మే షోరూమయింది. మామయ్య క్యాబిన్‌లో పరుపులు నిలబెట్టారు. నేను ఒకసారి వెళ్ళి, కొనేవాడిలా పోజు కొట్టి, అన్ని పరుపుల మీదా దొర్లి వచ్చాను. హాలు మూసేశాక మామయ్య ఆరు వారాలు ఎవరితోనూ మాట్లాడలేదు. ఏడో వారంలో మేష్టారు వచ్చి, రీడింగ్‌రూము పైన హాలు ఖాళీగా ఉందనీ, చిన్న ప్రొజెక్టరు ఒకటి కొన్నామనీ చెప్పారు. అప్పటినుంచి ప్రతి ఆదివారం సాయంత్రం ఐదింటికి నలభై ప్లాస్టిక్ కుర్చీలు, కుట్టుపని పిన్ని ఇస్త్రీ చేసి తెచ్చిన తెల్లగుడ్డ, దాని మీద ఒక పాత సినిమా. అన్నం డబ్బా అంత ప్రొజెక్టరు ముందు మామయ్య చేతులు కట్టుకుని, పెద్ద మిషను దగ్గర నిలబడినట్టే నిలబడేవాడు.

మసక మొదలైంది మేష్టారి టీవీతో.

మేష్టారు కొత్త టీవీ తెచ్చి మామయ్యని చూడ్డానికి పిలిచారు. నేను కూడా వెళ్ళాను. మామయ్య దగ్గరికి వెళ్ళాడు, దూరం జరిగాడు, తల పక్కకి వంచాడు. "అంచులు కరిగిపోతున్నాయి మేష్టారూ. తెరలో లోపం. వాపసు ఇచ్చేయండి" అన్నాడు. నాకు అంచులు బ్లేడుల్లాగే కనబడ్డాయి. మేష్టారు కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశారు. "అవును సుమండీ, కొంచెం కరుగుతున్నట్టే ఉంది" అన్నారు. టీవీ వెనక్కి వెళ్ళింది. రెండోది వచ్చింది. అదీ కరిగింది. మూడోది వచ్చింది.

తర్వాత కుట్టుపని పిన్ని ఫోను. తర్వాత ఎదురింటి కంప్యూటరు. ఈ కాలపు అద్దాలన్నీ నాసిరకం అన్నాడు మామయ్య, వీధి వీధంతా తల ఊపింది. మీరు నవ్వుతారు గాని, నాలుగు నెలల్లో మా వాళ్ళందరికీ లోకం కాస్త మసకగా కనబడటం మొదలైంది. పిన్ని సూదిలో దారం ఎక్కించబోయి, ఎక్కకపోతే సూదిదే లోపం అనడం నేను చెవులారా విన్నాను. మామయ్య మసకన్నాడంటే మసకే.

ఆదివారం సినిమాకి మాత్రం ఆ ముచ్చట సాగదు. ఒకరోజు పేర్లు పడుతున్నాయి, మామయ్య ఫోకస్ చక్రం తిప్పుతూనే ఉన్నాడు. సరిగ్గా కుదిరిన బొమ్మని దాటించి అటు తీసుకెళ్ళాడు, మళ్ళీ దాటించి ఇటు తెచ్చాడు. చివరికి అక్షరాలు పిండిలా ఉన్నచోట ఆపి, "ఈ డబ్బాకి ఇంతకన్నా రాదు" అని కుర్చీలో కూర్చున్నాడు. నేను వెనకనుంచి వెళ్ళి, చీమకి కూడా తెలియకుండా ఒక్క వేలితో సరిచేశాను. అప్పుడు నాకు అర్థమైంది. లోపం టీవీల్లో లేదు.

చెప్పాల్సిన మాట అది. నేను చెప్పలేదు. "బొమ్మ ఎలా ఉందిరా అల్లుడూ?" అని అడిగితే "అదిరింది మామయ్యా" అన్నాను. అప్పటినుంచి పదకొండు ఆదివారాలు అదే పని. ఆయన చెడగొట్టడం, నేను బాగుచేయడం. నాలాంటి దొంగచెయ్యి లోకంలో లేదని కాలరెగరేసుకున్నాను కూడా.

పన్నెండో ఆదివారానికి మూడు రోజుల ముందు టీవీ కొట్టాయన నా కొట్టుకొచ్చాడు. మొహం మాడ్చుకుని ఉన్నాడు.

"తమ్ముడూ, మీ మామయ్య ఉద్దేశమేంటి? నా కొట్టు మూయిస్తాడా?"

"ఏమైందన్నా?"

"మీ మేష్టారికి రెండుసార్లు మార్చి ఇచ్చా. రెండోసారి ఏం చేశానో తెలుసా? మొదట తెచ్చిన టీవీనే అట్ట మార్చి పంపించా. దాన్ని చూసి ఆయన 'ఇది కొంచెం నయం, కానీ పెద్దాయన మసకంటున్నాడు' అన్నాడు. అంటే ఏంటి? ఆదివారం నేను సినిమాకొస్తున్నా. విరామంలో అందరి ముందూ అడుగుతా, కన్ను నీదా, లోపం నాదా అని."

ఆయన వెళ్ళగానే కొట్టు మూసి అత్తయ్య దగ్గరికి పరిగెత్తాను.

అత్తయ్య వంటింట్లో డబ్బాలు సర్దుతోంది. ఉప్పు డబ్బాకి రబ్బరు బ్యాండు, పంచదార డబ్బాకి దారం. పొయ్యి గుండీ మీద ఎర్రటి గోళ్ళరంగు చుక్క. నేను వాటివంక చూడటం చూసింది.

"నీకెప్పుడు తెలిసింది?" అని అడిగింది.

"మూడు నెలలైంది అత్తయ్యా. నీకు?"

"నాకు ఏడాదైంది. శుక్లం. రెండు కళ్ళకీ ఉంది, బయటికే తెల్లగా కనబడుతోంది. డాక్టరు దగ్గరికి రమ్మంటే లెన్సులు పాడైపోయాయంటాడు. ఏ లెన్సులయ్యా అంటే లోకంలో ఉన్నవన్నీ అంటాడు."

"భయమా?"

"కన్ను పోతుందని కాదురా. మాట పోతుందని. ముప్పై రెండేళ్ళు ఆ కంటితో నిలబడ్డ మాట అది. ఈ ఏడాది పొడుగునా చెప్పినవన్నీ తప్పని తేలితే, అంతకుముందు చెప్పినవి మాత్రం ఎవరు నమ్ముతారని."

టీవీ కొట్టాయన సంగతి చెప్పాను. అత్తయ్య పంచదార డబ్బా మూత బిగించింది. "ఎవడో బయటివాడు అందరి ముందూ అడిగితే ఈయన మళ్ళీ ఇంట్లోంచి బయటికి రాడు" అంది. ఆ తర్వాత నావైపు తిరిగింది. "ఈ ఆదివారం నీ చెయ్యి జేబులో పెట్టుకో. చక్రం ముట్టుకున్నావో, వేళ్ళు విరిచేస్తా."

ఇక్కడినుంచి నేను చెప్పేదాంట్లో ఏదీ పెంచడం లేదు. పెంచాల్సిన చోటు కాదది.

ఆదివారం టీవీ కొట్టాయన మూడో వరుసలో, చేతిలో టీవీ గ్యారంటీ కాగితంతో కూర్చున్నాడు. అత్తయ్య ఎప్పుడూ గాలికోసం చివరి వరుసలో తలుపు పక్కన కూర్చుంటుంది. ఆ రోజు మొదటి వరుస చివరికి వెళ్ళి కూర్చుంది. కిటికీ తెరలు దించారు. పేర్లు పడ్డాయి. మామయ్య చక్రం అటు తిప్పాడు, ఇటు తిప్పాడు, అక్షరాలు పిండయ్యేదాకా తిప్పి ఆపాడు.

నేను రెండు చేతులూ జేబుల్లో పెట్టుకున్నాను. వేళ్ళు దురదపెట్టాయి. నలభై మందిలో ఒక్కరు కూడా కిమ్మనలేదు. మేష్టారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. కుట్టుపని పిన్ని కళ్ళు నలుపుకుంది. ప్రతి ఒక్కరూ లోపం తమదేననుకుంటున్నారు. టీవీ కొట్టాయన మాత్రం కుర్చీ అంచుకి జరిగి, కాగితం మడత విప్పాడు.

అప్పుడు మొదటి వరుసలో అత్తయ్య లేచి, వెనక్కి తిరిగి నిలబడింది. ఆమె చేతిలో టార్చి ఒకసారి వెలిగి ఆరింది.

మామయ్య భుజాలు ఒక్కసారి బిగుసుకున్నాయి. ఆ వెలుగు ఆయనకి ఎంత మసకలోనైనా కనబడుతుంది. ఆయన చెయ్యి దానంతటదే చక్రం మీదికి వెళ్ళింది. కొంచెం తిప్పాడు. టార్చి మళ్ళీ ఒకసారి వెలిగింది. ఇంకొంచెం తిప్పాడు. మళ్ళీ ఒకసారి. ఎవరూ తల తిప్పి అడగలేదు, ఎందుకంటే తెర మీద అక్షరాలు కొంచెం కొంచెంగా గట్టిపడుతున్నాయి. ఇంకో వెంట్రుకవాసి తిప్పాడు.

టార్చి రెండుసార్లు వెలిగింది.

హాలంతా ఒక్కసారి ఊపిరి వదిలినట్టయింది. మేష్టారు కళ్ళద్దాలు పెట్టుకుని, "ఆ, ఇదీ బొమ్మంటే" అన్నారు. మామయ్య తెరవంక చూశాడు. నేను ఆయన మొహంవంక చూశాను. ఆయనకి తెర ఇందాకటిలాగే ఉంది. రెండుసార్లు వెలిగింది, అంటే బాగుంది. ఆయనకి మాత్రం బాగాలేదు. ఆ రెండింటికీ మధ్య ఆయన చెయ్యి చక్రం మీద అలాగే ఉండిపోయింది. కావాలంటే టార్చిది తప్పనొచ్చు. ముప్పై రెండేళ్ళలో ఒక్కసారి కూడా ఆ మాట అనలేదు.

నలభై మంది సినిమా చూస్తున్నారు. నేనొక్కణ్ణే ఈ సినిమా చూస్తున్నాను.

టార్చి మళ్ళీ వెలిగింది. నేను లెక్కపెట్టాను. నాలుగుసార్లు.

మామయ్య చక్రం వదిలేశాడు. "చూస్తూ ఉండరా" అని నాతో అని, కుర్చీల వీపులు ఒక్కొక్కటే తడుముకుంటూ మొదటి వరుసకి వెళ్ళాడు. అదేమిటో అడగడానికే వెళ్ళి ఉంటాడు. ఏం అడిగాడో, ఆమె ఏం చెప్పిందో నాకు వినబడలేదు. విరామం దాకా ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు.

విరామంలో లైట్లు వెలిగాయి. టీవీ కొట్టాయన గొంతు సవరించుకుని లేచేలోపే మామయ్య లేచి వెనక్కి తిరిగాడు.

"మేష్టారూ, మీ టీవీ ఎలా ఉంది?"

మేష్టారు కళ్ళద్దాలు సర్దుకున్నారు. "అంటే... నిజం చెప్పమంటారా? మొదటినుంచీ బాగానే ఉందండీ."

"మరి ఎందుకు వాపసు ఇచ్చారు?"

"మీరు మసకన్నారు కదా!"

"నేనంటే? మీ కళ్ళు ఏం చేస్తున్నాయి?" అని కసిరాడు మామయ్య. వెంటనే గొంతు తగ్గింది. "మసక నా కంట్లో ఉందండీ. ఏడాదిగా చెప్పినవన్నీ ఆ కంటితోనే చెప్పా. ఫోన్లు, టీవీలు... ఎవరెవరికి ఏం చెప్పానో నాకే గుర్తులేదు. మీరే మళ్ళీ ఒకసారి చూసుకోండి." టీవీ కొట్టాయన ఎక్కడ కూర్చున్నాడో తెలియక, ఆయన లేని వైపు తిరిగి, "నిన్ను కూడా ఇబ్బంది పెట్టా బాబూ" అన్నాడు.

టీవీ కొట్టాయన చేతిలో కాగితాన్ని మడిచాడు, ఇంకా మడిచాడు, గాజురేకంత చేసి జేబులో పెట్టుకున్నాడు. "అదేం లేదు పెద్దాయనా. మా అమ్మకి పోయినేడు కంటి ఆపరేషను చేయించాం, అరగంట పని. పొద్దున్నే వెళ్ళి టోకెను తీసుకోండి, రద్దీ ఉండదు" అన్నాడు.

"పొద్దున్న కాదు, మధ్యాహ్నం వెళ్ళాలి" అన్నారు మేష్టారు. "పెద్ద డాక్టరు అప్పుడుంటాడు."

"ముందు ఎడమ కన్ను చేయించుకోండి అన్నయ్యగారూ, కుడిదానితో నెట్టుకురావచ్చు" అంది పిన్ని.

"కాదు, ముందు కుడిదే!"

"వారం రోజులు తల తడపకూడదు."

"వారమా? మా వాళ్ళు రెండు వారాలన్నారు."

ఏడాదుల తరబడి ఆయన దగ్గర సలహాలు పుచ్చుకున్నవాళ్ళందరూ ఒక్కసారే తిరిగి ఇచ్చేయడం మొదలుపెట్టారు. ఒకరి మాటకి ఒకరి మాట పొసగదు. మామయ్య మధ్యలో నిలబడి, ఎవరు మాట్లాడితే వాళ్ళవైపు చెవి తిప్పుతూ, అడ్డు చెప్పకుండా విన్నాడు. చివరికి ఒకటే అడిగాడు.

"కొత్త లెన్సు ఆరు వారాలు అరువిస్తారా?"

"ఇవ్వరు. నోరు మూసుకుని కూర్చో" అంది అత్తయ్య.

మర్నాడు ఇద్దర్నీ నేనే తీసుకెళ్ళాను, పొద్దున్నే. కళ్ళ డాక్టరమ్మ ఒక కన్ను మూయమని, గోడ మీది అక్షరాల బోర్డు చూపించి చదవమంది. మామయ్య తల పక్కకి వంచాడు. అలవాటు ఎక్కడికి పోతుంది?

"మీ బోర్డుకి అంచులు సరిగ్గా లేవమ్మా" అన్నాడు.

డాక్టరమ్మ నావంక చూసింది. నేను అత్తయ్యవంక చూశాను. అత్తయ్య బోర్డు పక్కకి వెళ్ళి నిలబడి, చేతిసంచిలోంచి టార్చి తీసింది. రెండుసార్లు వెలిగించింది.

మామయ్య వంచిన తల నిటారుగా ఎత్తాడు.

"బోర్డు బాగానే ఉందటమ్మా" అన్నాడు. "నా కన్నే చూడండి."